స్వరము లేని రాగిరేకులు, పేరు లేని క్యాసెట్లు

కడప, కర్నూలు సీమల పాటను ఎవరెవరు దాచిరి? దాచినదానిలో ఏమి నిలిచినది, ఏమి జారిపోయినది?

గ్రామఫోను కంపెనీల చరిత్రను వ్రాసినవారు కలకత్తాను గూర్చి వ్రాసిరి, బొంబాయిని గూర్చి వ్రాసిరి, మదరాసును గూర్చి వ్రాసిరి; ఆ గ్రంథములలో కడప పేరు వెదకువానికి నిరాశయే మిగులును. కోస్తా జిల్లాల నాటకపద్యము ప్లేటుమీది కెక్కి ఊరూర మ్రోగుచుండిన దినములలో, పెన్న ఒడ్డున బ్రహ్మంగారి తత్త్వమును, పాపాఘ్ని ఒడ్డున చెక్కభజనయు, కుందూ పరీవాహకపు పల్లెలలో నరసింహారెడ్డి కథయు ఏ కంపెనీ ముద్రయు లేకయే ఒకరి నోటినుండి మరియొకరి చెవికి పోవుచు బ్రదికినవి. అంతమాత్రముచేత ఈ సీమకు పాటను దాచుకొను తెలివి లేకపోయెనని తలచుట పొరపాటు. ఆ పనికి ఈ నేల అయిదువందల యేండ్లనాడే పూనుకొన్నది. ఐతే ప్రతి తరమును తాను దాచినదానిలో ఏదో యొక ముఖ్యాంగమును వదలివేసినది. ఒకరు మాటను దాచిరి, స్వరము పోయినది. మరియొకరు స్వరమును దాచిరి, పాడినవాని పేరు పోయినది. ఆ రెండవ లోపము మన కనులయెదుటనే, మన యిండ్లలోనే జరుగుచున్నది గనుకను, దానిని సరిదిద్దుటకు కొంతకాలము మాత్రమే మిగిలియున్నది గనుకను ఈ విషయమును పాఠకుల యెదుట నుంచవలసివచ్చినది.

తాళ్లపాకవారి భాండారము

రాజంపేటకు చేరువనున్న తాళ్లపాకలో 1408లో జన్మించి 1503 వరకు జీవించిన అన్నమాచార్యులు వేలకొలది సంకీర్తనలు చెప్పగా, ఆయన సంతతివారు, ముఖ్యముగా కుమారుడైన పెదతిరుమలాచార్యులు, వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములో సంకీర్తన భాండారమను చిన్న రాతిగదియందు భద్రపఱచిరి. దీనిని భక్తికార్యముగా మాత్రమే చూచుట మనకు అలవాటు. కాని ఒక కుటుంబము తన పూర్వుని పాటను కాలమునకు లొంగని పదార్థముమీదికి ఎక్కించి, అంతటిని ఒక్కచోట చేర్చి, పుట్టబోవు తరములకు అందునట్లు ఏర్పాటు చేయుట యనునది తరువాతి కాలమున చిన్న చిన్న రికార్డు కంపెనీలు చేసిన పనికి మూలరూపమని నేను నమ్ముచున్నాను. తాటాకును పురుగు తినును, తడి చెఱచును, మంట మ్రింగును. ఈ సంగతి యెఱిగినవారు గనుకనే వారు ఆకును వదలి లోహమును పట్టిరి.

ఆ రేకులమీద ప్రతి సంకీర్తనకును తలకట్టుగా రాగము పేరు కలదు. స్వరము లేదు. ఆనాటి గాయకునకు రాగము పేరు చాలును. తక్కినది గురుముఖమున తెలిసియుండెడిది. ఆ గురుపరంపర యెప్పుడో తెగిపోయినది, రేకులు మాత్రము నిలిచినవి. 1920 దశకమున అవి మరల వెలుగుచూడగా, దేవస్థానమువారు ప్రచురణకు పూనుకొనగా, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు మహనీయులు పరిష్కరణభారమును వహించిరి. అనంతపురము జిల్లాలో పుట్టిన రాళ్లపల్లివారు సాహిత్యమునందును సంగీతమునందును సమానమైన అధికారము కలవారగుటచేత, కొన్ని కీర్తనలకు తామే స్వరకల్పన చేసిరి. 1978లో దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది, 1980లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానముతో వేంకటేశ్వర పంచరత్నమాల లాంగ్‌ప్లే రికార్డులుగా వెలువడి, ఇంటింట అన్నమయ్య పాట మ్రోగినది. మనము నేడు వినుచున్న ఆ బాణీలలో చాలభాగము ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. అవి మధురములే. ఐనను తాళ్లపాకలో ఆ తాత ఏ వరుసను పాడెనో చెప్పగలవారు ఇక పుట్టరు. రాగి దాచలేనిది అదియే.

రెండవ దాపరికము దొరలది. 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ పట్టణమున ఒక బంగళా కొని, తన జీతము పోసి పండితులను లేఖకులను నియమించి, శిథిలమగుచున్న తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించి పరిష్కరింపజేసిన సంగతి తెలుగువారెల్లరు ఎఱిగినదే. ఆయన చెవికంటె కన్ను పెద్దది. ఆయన వెదకినది గ్రంథము. పాటను వెదకిన యింకొక దొర బాయిల్. 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగాథలను గూర్చి ఆయన ప్రకటించిన వ్యాసములో, కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గూర్చిన పాట కలదు. ఉరి జరిగి ఇరువదియేడేండ్లు మాత్రమే గడచినవి. కంపెనీ ప్రభుత్వము శవము చేసి వ్రేలాడదీసిన మనిషిని పల్లెల తిత్తి, తంబుర, గుమ్మెటలు వీరుని చేసి నిలువబెట్టినవనుటకు ఆ అచ్చుపుట సాక్ష్యము. ఈ దొరయు పాఠమును దాచెను. ఆ పాట ఏ గమనమున నడచెనో, ఏ చరణమువద్ద వంతపాటగాండ్రు అందుకొనిరో కాగితము చెప్పజాలదు.

మూడు నిమిషముల ప్లేటు

స్వరమును ప్లేటుకై పట్టుకొనగల యంత్రము 1902లో మన దేశమునకు వచ్చెను. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు లండను గ్రామఫోను కంపెనీ పక్షమున కలకత్తాలో దిగి, గౌహర్ జాన్ మొదలగువారి గానమును మైనపు పలకలపై ఎక్కించుకొని పోయెను. అవి జర్మనీలోని హానోవరు నగరమున అచ్చుపడి ప్లేట్లుగా తిరిగి మనకు అమ్మకమునకు వచ్చెడివి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వెలసిన తరువాతగాని ఆ సముద్రప్రయాణము తప్పలేదు. ఆ ప్లేటు చేయుటకు వలయు లక్క మాత్రము మన అడవులనుండియే పోవుచుండెను. మొదటి యిరువదేండ్లు మైకు లేదు. గాయకుడు పెద్ద కొమ్ములోనికి ముఖము పెట్టి గొంతెత్తి పాడవలెను. 1925 ప్రాంతమున విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి వచ్చినది మొదలు చిన్న గొంతునకును ప్రవేశము కలిగినది.

పది యంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక వైపు మూడు నిమిషములు, కొంచెము హెచ్చుతగ్గులు. పాఠకులు ఈ మూడు నిమిషములను బాగుగా తలపోయవలెను. సీమలో పాట యనగా రాత్రి భోజనములైన పిమ్మట మొదలై కోడికూతకు ముగియునది. వీధినాటకమున రాజు ప్రవేశించుటకే అరగంట పట్టును. పండరిభజనలో గురువు ఒక చరణమును అందించి, గుంపు దానిని పలుమారు త్రిప్పి త్రిప్పి, అడుగు మార్చి, వేగము పెంచి, తాళము తారస్థాయికి చేరినప్పుడుగాని తరువాతి చరణమునకు పోదు. వానలు రానప్పుడు ఊరంతయు కూడి విరాటపర్వము చదివించుట, కప్పను రోకటికి కట్టి యింటింటికి త్రిప్పుచు పాడుట, బుడ్డలచేనిలో కలుపు తీయు స్త్రీలు ఒకరు ఎత్తుకొనగా పదిమంది అందుకొనుట మొదలగువానికి గడియారముతో పొత్తు లేదు. మూడు నిమిషములలో ఇముడునది నాటకపద్యము, కీర్తన, జావళి. కావున కంపెనీ మదరాసులో కూర్చుండి దానికి ఇమిడినదానిని తీసికొనెను. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల కంఠము ప్లేట్లద్వారా తెలుగుదేశమంతటను వ్యాపించినది. సీమపల్లెలలో సయితము సంపన్నుల చావడులయందు ఆ పద్యములు వినబడెను. కొనుటకు మాత్రము సీమ ఉండెను. పాడుటకు సీమను పిలిచినవారు అరుదు.

అందఱును పెద్ద కంపెనీవారే కారు. 1930 దశకమున కలకత్తాలో మెగాఫోన్, హిందుస్థాన్ అను సంస్థలును, బొంబాయిలో 1935లో మొదలైన నేషనల్ గ్రామఫోన్ కంపెనీవారి యంగ్ ఇండియా ముద్రయు, మదరాసులో హచిన్స్ సంస్థయు లేచి నిలిచినవి. కారైకుడి వ్యాపారి కుటుంబమునుండి వచ్చిన ఏ.వి. మెయ్యప్పన్, తరువాత ఏ.వి.ఎం. స్టూడియో అధిపతి, మొదట మదరాసులో సరస్వతీ స్టోర్సు అను దుకాణమును భాగస్వాములతో పెట్టి ఓడియన్ ప్లేట్లను విడుదల చేసినవాడే. పెద్ద కంపెనీ ఒక గొంతును వినుటకు లక్షమంది శ్రోతలు కావలెను, చిన్న కంపెనీకి వేయిమంది చాలుదురు. ప్రాంతపు గొంతులు లోకమునకు దక్కుటకు ఈ లెక్కయే కారణము, కళాభిమానము ఆ లెక్క కుదిరిన తరువాత వచ్చును. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి ఒక కుర్చీల కంపెనీ, గ్రామఫోను పెట్టెలు చేయుచు, ఆ పెట్టెలు అమ్ముడుపోవుటకు ప్లేట్లు కూడ కావలెనని పారామౌంట్ అను ముద్రను మొదలుపెట్టి, నల్లవారి బ్లూస్ గాయకులను పిలిచి రికార్డు చేసెను. చార్లీ పాటన్ వంటి మహాగాయకుని కంఠము నేడు మిగిలియుండుటకు ఆ కుర్చీల వర్తకమే కారణము. 1930 దశకపు ఆర్థికమాంద్యములో ఆ సంస్థ మూతపడినది. మూలపు లోహపు అచ్చులను దాచినవారు లేరు. ప్రపంచము వినుచున్నది సేకర్తల యిండ్లలో గీతలు పడి మిగిలిన పాత ప్లేట్లనుండి తీసిన ధ్వనినే. తెలుగు ప్లేట్ల విషయములోను ఇంతే. వి.ఎ.కె. రంగారావుగారు వంటి ఏకాకి సేకర్తలు వేలకొలది ప్లేట్లను కూడబెట్టియుండకపోయినచో మన తొలినాటి నటుల కంఠములు మనకు వినరాకపోయెడివి.

సీమలో సంగీతకారులు లేరా యనిన, ఉన్నారు, పైగా ముందుగానే ఉన్నారు. చక్రాయపేట ప్రాంతపు సురభి గ్రామములో 1885లో ఒక పెండ్లి సందర్భమున వనారస కుటుంబములవారు తోలుబొమ్మలను ప్రక్కకు పెట్టి తామే వేషములు కట్టి కీచకవధ ఆడిరి. అదియే సురభి నాటకసమాజములకు పుట్టుక. ఆ కుటుంబములలోని కమలాబాయి తొలి తెలుగు టాకీయైన భక్తప్రహ్లాదలో నటించినది. పులివెందుల ప్రాంతమునుండి బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి మదరాసు చేరిరి. ఎఱ్ఱగడ్డల ఎగుమతి చేసిన ఆ కుటుంబమే తెలుగు చలనచిత్రసంగీతమునకు పుట్టినిల్లయిన వాహినీ, విజయా సంస్థలకు మూలస్తంభమైనది. 1951 నాటి మల్లీశ్వరి పాటలు ఎన్నటికిని వాడనివి. సింహాద్రిపురములో పుట్టిన పద్మనాభము నిర్మించిన చిత్రమునకే 1966 డిసెంబరు 15న బాలసుబ్రహ్మణ్యము తన మొదటి సినిమాపాటను పాడెను. ఇంతటివారు కడప మట్టినుండి పోయి తెలుగుపాటకు సింహాసనము వేసిరి. ఆ సింహాసనముపై కడపమట్టి పాటను మాత్రము కూర్చుండబెట్టలేదు. ఇది వారి తప్పని నేననను. మదరాసులో పాట తెలుగువారందఱికిని నచ్చవలెను, అందఱికిని నచ్చవలసినది ఏ ఒక్క ఊరి యాసతోను ఉండరాదని ఆనాటి నమ్మకము.

కడప కేంద్రము

1963 జూన్‌లో ఆకాశవాణి కడప కేంద్రము ప్రారంభమైనది. సీమకు ఇది గొప్ప ఘట్టము. మైకు మదరాసులో నుండుట వేఱు, ఊరికి బస్సు దూరములో నుండుట వేఱు. కోలాటపు గురువు, తత్త్వములు పాడు బైరాగి, గొబ్బిపాటలు పాడు స్త్రీలు మీడియంవేవు 900 కిలోహెర్ట్జుపై తమ గొంతును తామే వినగలుగుట, వ్యవసాయ కార్యక్రమములకు నడుమ తమ మాండలికమును వినగలుగుట ఆ తరమువారికి ఎంతటి ఆత్మగౌరవమును ఇచ్చినదో వయసు మీఱినవారిని అడిగిన చెప్పుదురు. కంపెనీ అడుగు ప్రశ్న, ఈ ప్లేటు ఎందఱు కొందురని. రేడియో ఆ ప్రశ్న అడుగనక్కఱలేదు. ఐతే రేడియో పాట గాలిలో పోవునది. శ్రోత దానిని యింటికి కొనిపోలేడు. టేపు ఖరీదైన వస్తువైనందున లోకమంతటను రేడియో సంస్థలు పాతదానిని చెఱిపి క్రొత్తదానిని ఎక్కించుట పరిపాటి; లండను బి.బి.సి. యంతటి సంపన్నసంస్థయే 1960, 1970 దశకములలో తన కార్యక్రమములను అనేకములను అట్లు చెఱిపివేసినది.

ఊరి క్యాసెట్టు

అసలు కథ ఇక్కడ మొదలగుచున్నది. 1963లో హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీ లోకమునకు చూపిన చిన్న క్యాసెట్టు, మనదేశమున దిగుమతి నిబంధనలు సడలిన పిమ్మట, 1970 దశకపు చివరనుండి వఱదవలె వచ్చినది. గల్ఫు దేశములకు కూలికి పోయిన కడపజిల్లావారు తెచ్చిన పెద్ద టేపురికార్డర్లు రాయచోటి, రాజంపేట పల్లెలలో ఇంటికి అలంకారములైనవి. అమెరికా పండితుడు పీటర్ మాన్యుయల్ 1993లో ప్రకటించిన క్యాసెట్ కల్చర్ అను గ్రంథములో, భారతదేశమున రికార్డు సంగీతపు అమ్మకము 1980లో 12 లక్షల డాలర్లు కాగా, 1990 నాటికి రెండుకోట్ల డాలర్లను దాటినదని లెక్క చూపెను. ఒక్క గ్రామఫోను కంపెనీ చేతిలో నుండిన వ్యాపారము వందలకొలది చిన్న ఉత్పత్తిదారుల చేతులలోనికి పోయినది. ఢిల్లీ దరియాగంజులో పండ్లరసము అమ్మిన కుటుంబపు గుల్షన్ కుమార్ టి-సిరీసు అధిపతియగుట, బెంగుళూరులో 1974లో మనోహర్‌నాయుడు లహరి సంస్థను మొదలిడుట ఈ పరిణామములోని పెద్దవారి కథలు. నాకు వారికంటె చిన్నవారియందే మక్కువ.

ప్లేటు అచ్చువేయుటకు ఫ్యాక్టరీ కావలెను. క్యాసెట్టు అచ్చువేయుటకు రెండు క్యాసెట్లు పట్టు డెక్కు, బజారులో ఒక మడిగె చాలును. ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, కడప వంటి పట్టణములలో రికార్డింగు సెంటరు అను బోర్డు కనబడని బజారు ఆ దినములలో లేదు. ఖాళీ క్యాసెట్టును, పాటల పట్టీని ఇచ్చిన సాయంకాలమునకు పాటలు ఎక్కించి యిచ్చెడివారు. అరువది నిమిషములదానిని సిక్స్‌టీ యనియు, తొంబదిదానిని నైంటీ యనియు వ్యవహారము. నైంటీలో ఒక్కొక వైపు నలుబదియైదు నిమిషములు. మూడు నిమిషముల ప్లేటు ఇముడ్చుకొనలేని సీమపాటకు ఈ నలుబదియైదు నిమిషములు విశాలమైన చావడి. తత్త్వమునకు ముందు గురువు చెప్పు వివరణ, నడుమ గుంపు వేయు కేక, చరణములను మరల మరల త్రిప్పుట, ఊపిరి తీసికొనుట, అంతయు ఇమిడినది.

భజనగుంపులవారు చందాలు వేసికొని, హార్మోనియమును తబలాను బస్సుపై ఎక్కించి, తిరుపతికో బెంగుళూరునకో పోయి ఒక పగటిలో పాడి వచ్చెడివారు. అంతటి స్తోమత లేనివారు ఊరి గుడిలోనే మైకుసెట్టువానిని పిలిచి, రాత్రి ఊరు సద్దుమణిగిన పిమ్మట పాడి ఎక్కించుకొనెడివారు. అటువంటి క్యాసెట్టులో పాటవెనుక కుక్క మొఱుగుటయు, ఎడ్ల మెడగంటలును వినబడును. తిరునాళ్లలో గాజుల అంగడిప్రక్క చాపపై పరచి అమ్మబడినవి ఇవే. జాతరలలో, పెండ్లిండ్లలో, గుడిమైకులలో వీనిని మ్రోగించి వ్యాపింపజేసినది మైకుసెట్టు కుఱ్ఱవాడే. పెద్ద సంస్థలలో ప్రచారశాఖ చేయు కార్యమంతయు ఆతని సైకిలుపై నడచినది.

బ్రహ్మంగారి తత్త్వములకు ఇట్లే పునర్జీవనము కలిగినది. కందిమల్లాయపల్లెలో సమాధిగొన్న పోతులూరి వీరబ్రహ్మమును, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్యయు సీమవారికి పురాణపురుషులు కారు, ఇంటిమనుషులు. చావు జరిగిన యింట రాత్రి జాగరము చేయుచు ఆ తత్త్వములనే పాడుదురు. ఆ పాటకు సభ లేదు, చప్పట్లు లేవు, టికెట్టు లేదు. అట్టిదానిని ఏ పెద్ద కంపెనీ రికార్డు చేయును? ఊరివారే చేసికొనిరి. పీరుల పండుగపాటలకును ఇదే దారి. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్లాయస్వామి పేర హిందువులును ముస్లిములును కలిసి చేయు మొహరమునకు వేలజనము చేరుదురు. ఆ ఉత్సవమును గూర్చి కవి అఫ్సర్ 2013లో ఆక్స్‌ఫర్డువారి ద్వారా ఆంగ్లమున ఒక గ్రంథమునే ప్రకటించిరి. కుళ్లాయప్పను కీర్తించు తెలుగుపాటలు ఈ క్యాసెట్లలోనే ఊరూర తిరిగినవి. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసులోని ఖవ్వాలీలను ఎక్కించుకొని పోయి ఏడాదిపొడుగునను వినువారు కలరు. ఏ.ఆర్. రహమాన్ ఆ దర్గాకు భక్తుడై వచ్చుచుండుట నేడు వార్తయగుచున్నది. ఆ ప్రాంగణమున పాడిన ఊరి ఖవ్వాలుల పేరులు ఏ వార్తలోను లేవు.

ఇదే కాలమున జననాట్యమండలివారు, గద్దరు కంఠముతో, క్యాసెట్టును ఉద్యమమునకు ఆయుధముగా చేసిరి. 1982లో ఎన్.టి. రామారావుగారి చైతన్యరథము వెంట ఎన్నికలపాటలు మ్రోగినవి. ఆ చరిత్ర వేఱుచోట విపులముగా వ్రాయబడినది గనుక ఇక్కడ విస్తరింపను.

ఊరి క్యాసెట్లు తీసి చూచిన ఒక సంగతి మనసును కలచివేయును. పైపెట్టెపై దేవుని బొమ్మ యుండును, క్యాసెట్టు వెల యుండును, దుకాణము ముద్రయు కొన్నిట నుండును. పాడినవారి పేరు అనేకములలో లేదు. ఉన్నను భజనబృందము అని మాత్రమే యుండును, ఊరిపేరు చెఱిగిపోయియుండును, సంవత్సరము దాదాపు ఎచ్చటను లేదు. రచన ఎవరిదో తెలియదు. స్వరము మాత్రము సంపూర్ణముగా నున్నది, గుక్క తిప్పుకొనుటతో సహా. తాళ్లపాకవారి రాగిరేకుపై పేరున్నది, మాటయున్నది, స్వరము లేదు. ఊరి క్యాసెట్టులో మాటయు స్వరమును ఉన్నవి, మనిషి లేడు. పాడినవాడు పేదవాడగుటయు, పేరు వేయించుకొనవలెనన్న ఊహయే ఆతనికి లేకపోవుటయు, వేయవలెనన్న బాధ్యత అమ్మినవానికి తోచకపోవుటయు దీనికి కారణములు. పేరు లేని పాటకు హక్కుదారుడు లేడు. కావుననే ఇటువంటి వరుసలను తరువాతి వారెవరైనను తీసికొని, రెండు మాటలు మార్చి, జానపదము అని తలకట్టు పెట్టి, తమ పేర ప్రకటించుకొనుట సులభమగుచున్నది. జానపదమను మాట ఒక కవి ఉండెనన్న సంగతిని మాటుపఱచుటకు వాడబడుట అన్యాయమని నేను గట్టిగా భావించుచున్నాను.

మిగిలిన కాలము

క్యాసెట్టు రాగిరేకు కాదు. నాలుగు మిల్లీమీటర్లైనను వెడల్పులేని ప్లాస్టికు పట్టీపై పూసిన ఇనుపతుప్పు పొడియే దాని ప్రాణము. సెకనునకు అయిదు సెంటీమీటర్లకన్న తక్కువగా నడచు ఆ పట్టీపై అయస్కాంతము వ్రాసిన వ్రాత కాలక్రమమున పలుచనగును. సీమ యెండకు అటకమీద పొడి రాలును, వానకాలపు తేమకు బూజు పట్టును, పట్టీ పట్టీకి అంటుకొనును. 1980 దశకపు క్యాసెట్టుకు నేడు నలుబదియేండ్లు. పైగా దానిని మ్రోగించు యంత్రములే కరవైనవి. బాగుచేయు మిస్త్రీలు వృద్ధులైరి. రికార్డింగు సెంటర్లు మొదట సీడీలకు, తరువాత మెమొరీ కార్డులకు, పిమ్మట సెల్‌ఫోను దుకాణములకు మారినవి. యూట్యూబులో భజనగుంపులు తమ పాటలను తామే పెట్టుకొనుచున్నారు. ఇది మేలు, పేరు కూడ వేసికొనుచున్నారు. ఇది మఱింత మేలు. కాని ముప్పది యేండ్లక్రిందట పాడి గతించినవారికి ఛానలు పెట్టువారు లేరు.

న్యూయార్కులో మోజెస్ ఆష్ అను నతడు 1948లో ఫోక్‌వేస్ అను చిన్న రికార్డు సంస్థను స్థాపించి, అమ్ముడుపోయినను పోకున్నను ఏ రికార్డునైనను నిలుపుదల చేయరాదని వ్రతము పట్టి, చనిపోవునాటికి రెండువేలకు పైగా సంపుటములను వెలువరించెను. 1987లో ఆ భాండారమును స్మిత్‌సోనియన్ సంస్థ స్వీకరించునప్పుడు, అన్నియు ఎల్లప్పుడును లభ్యముగా నుంచవలెనను షరతునకు ఒడంబడినది. నేటికిని అట్లే లభ్యమగుచున్నవి. ప్రతి రికార్డుతోను పాడినవారెవరు, ఎక్కడివారు, ఏ సందర్భపు పాట యను వివరపు పుస్తకమును జతపఱచుట ఆయన నియమము. మన దేశములో 1982లో ఏర్పడి, నేడు గురుగ్రామ్ నందున్న సంగీతశాస్త్ర ధ్వనిభాండారమొకటి ఇట్టి కార్యమునే చేయుచున్నది. అది మనకు దూరము.

కడపలో ఇందుకు చోటు లేకపోలేదు. బ్రౌన్ దొర నివసించిన స్థలముననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి దీక్షాఫలముగా, బ్రౌన్ పేర గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును వెలసినవి. యోగివేమన విశ్వవిద్యాలయము దానిని నిర్వహించుచున్నది. కడపజిల్లా కైఫీయత్తులను సంపుటములుగా అచ్చువేసిన కీర్తియు దానికి కలదు. తాటాకులు చేర్చిన చోటనే క్యాసెట్లును చేర్చవలెను. రెండు మంచి టేపుయంత్రములు, ధ్వనిని కంప్యూటరునకు ఎక్కించు పరికరము, శ్రద్ధగల ఇద్దఱు విద్యార్థులు, నిలువయుంచుటకు హార్డుడిస్కులు, వేఱొకచోట నకలు: ఇంతకుమించి ఖర్చు లేదు. కుదించిన ఎంపీత్రీతో సరిపెట్టుకొనక, నాణ్యము తగ్గని పూర్తి ధ్వనిరూపముననే దాచవలెను. చట్టప్రకారము రికార్డులపై హక్కు ప్రచురణమైన పిమ్మట అరువదేండ్లకు తీరును గనుక తొలినాటి ప్లేట్ల విషయమున చిక్కు లేదు; ఊరి క్యాసెట్ల విషయములో పాడినవారినో వారి పిల్లలనో కనుగొని, వారి అనుమతితో, వారి పేరుతో లోకమునకు వినిపించుట ధర్మము. ఆకాశవాణి కడప కేంద్రము తన పాత టేపులలో మిగిలినవానిని ఈ పనికి తోడుచేసిన సీమపాటకు అరువదేండ్ల చరిత్ర ఒక్కచోట కూడును. విశ్వవిద్యాలయపు తెలుగుశాఖవారును, పరిశోధక విద్యార్థులును ఊరికొక భజనగురువును కలిసిన, ఒక్క సంవత్సరములో ఎన్నో పేరులు తేలును. ఆ గురువులలో అనేకులకు ఎనుబది దాటినవి.

అంతవఱకును పాఠకులు చేయదగినది ఒకటి కలదు. ఇంటి అటకపై, బీరువా అడుగున పాత క్యాసెట్లున్నచో పాతసామానువానికి వేయకుడు. ఎండ తగులని, తేమ లేని చోట నిలువుగా పేర్చియుంచుడు. బూజు పట్టినదానిని యంత్రములో పెట్టి త్రిప్పకుడు. ప్రతిదానిలోను ఒక చిన్న కాగితము పెట్టి, పాడినవారి పేరు, ఊరు, ఏ పండుగకు పాడిరి, ఇంచుమించుగా ఏ సంవత్సరము అను నాలుగు సంగతులు వ్రాయుడు. మీకు తెలియనిచో ఇంటిలోని అవ్వను, తాతను అడుగుడు. పాడినవారు జీవించియున్నచో వారియొద్దకే పోయి అడిగి వ్రాయుడు.